గాలికి పోయిన గడ్డి, గట్టెక్కిన గిత్త

మా నాయన ఏదైనా కొత్త విషయం నమ్మాలంటే అది ఐర్లాండ్ నుంచి వాట్సాప్‌లో రావాలి. పలమనేరులో పశు పరిశోధన కేంద్రం మా ఊరికి దగ్గర్లోనే ఉంది, పశువుల డాక్టరు నెలకోసారి మా వీధిలోనే టీ తాగిపోతాడు, వాళ్లు చెప్తే మాత్రం ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తాడు. మా చిన్నాయన కొడుకు ఐర్లాండ్‌లో చదువుకుంటా, శని ఆదివారాలు ఎవరిదో ఫారంలో పనికి పోతాడు కాబట్టి వాడి మాటే వేదం.

వాడు ఒకరోజు వీడియో కాల్ చేసి కనుచూపు మేర పచ్చిక, అందులో బర్రెలంత లావు ఆవులు చూపించి, "ఇక్కడ ఈ రకం ఆవుల్ని ఎవురూ పిండరు పెదనాయనా, దూడ ఏడెనిమిది నెలలు తల్లి దగ్గరే ఉండి పాలన్నీ అదే తాగేస్తుంది, దూడను పెంచి అమ్ముకోవడమే వ్యాపారం" అన్నాడు.

"అయితే కాఫీలోకి ఏం పోసుకుంటారంట?" అని మంచం మీద నుంచి జేజి, అంటే మా నాయన వాళ్లమ్మ.

"పాలకు వేరే ఆవులుంటాయి జేజీ."

"సరే, ఆ దూడల్ని ఎవురికి అమ్ముతారు?"

సరిగ్గా అప్పుడే వాడికి సిగ్నల్ పోయింది. మళ్లీ లైన్లోకి వచ్చేసరికి సంగతి గడ్డి మీదికి మారిపోయింది. అక్కడ పచ్చిక పాతబడితే దాన్ని దున్నేసి, రైగ్రాసు, తెల్ల క్లోవరు విత్తనాలు కొత్తగా చల్లుతారంట, విత్తనం సెంటీమీటరు కంటే లోతుకు పోకూడదంట, పైన రోలరు తిప్పి మట్టికి అదమాలంట. నాయన ఇవన్నీ పాల లెక్క రాసే నోటుబుక్కులో రాసుకున్నాడు. ఇంటెనక మాకు రెండెకరాల బీడు ఉంది. అందులో వయ్యారిభామ, తుంగ, పల్లేరు తప్ప వేరే ఏదీ మొలిచినట్టు నాకు గుర్తు లేదు. ఆ రాత్రి నుంచి నాయన దాన్ని బీడు అనడం మానేసి 'పచ్చిక' అనడం మొదలుపెట్టాడు.

రైగ్రాసు చలిదేశపు గడ్డి, మన మే నెల ఎండకు నిలవదని విత్తనాల అంగడాయనే చెప్పి పుణ్యం కట్టుకున్నాడు. దానికి బదులు అంజన్ గడ్డి, స్టైలో అనే మేత మొక్క విత్తనాలు ఇచ్చాడు. స్టైలో విత్తనానికి తోలు గట్టి, 80 డిగ్రీల వేడినీళ్లలో నాలుగైదు నిమిషాలు వేసి తీస్తేనే మొలుస్తుంది. మా ఇంట్లో థర్మామీటరు లేదు. చిన్నమ్మ నీళ్లలో వేలు పెట్టి చూసి, "అబ్బా అంటే సరిపోయినట్టు, అమ్మా అంటే ఎక్కువైనట్టు" అని ఒక స్కేలు కనిపెట్టింది. ఆమె పుణ్యాన స్టైలో కొంతైనా మొలిచిందని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటారు. చిక్కంతా అంజన్ గడ్డితో వచ్చింది. ఆ విత్తనం నూగునూగుగా, దూదికంటే కాస్త నయం అన్నట్టు ఉంటుంది, ఊరికే చల్లితే గాలికి పోతుంది, తడి ఇసుకలోనో మట్టిలోనో కలిపి చల్లాలి. అంగడాయన ఈ మాట రెండుసార్లు చెప్పాడు.

చల్లే పని చిన్నాయనది. వేరుశనగ విత్తడంలో ఆయన చెయ్యి మంచిదని ఊళ్లో పేరు. ఇసుక మాట ఎత్తగానే ఆయనకు కోపం వచ్చింది. "ఇసుక దొరికితే నేను మిద్దే కట్టుకుంటా గానీ గడ్డికి కలపతానా?" అన్నాడు. మరి మట్టి కలపచ్చు కదా అని ఎవరికీ తోచలేదు.

ఇక్కడ మా ఆవు రాణి గురించి చెప్పాలి. జెర్సీ క్రాసు, ఎత్తరి, పేరుకు తగ్గ పొగరు. ఈసారి దానికి పెయ్యదూడే పుట్టాలని నాయన పట్టుబట్టి, ఆడదూడలు పుట్టేటట్టు వేరుచేసిన వీర్యం సూది వేయించాలని తీర్మానించాడు. వందలో తొంభై వంతు పెయ్యే పుడుతుందంటారు, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. ఆ వీర్యం గొట్టాలను లిక్విడ్ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర దాచి, వేసేముందు 37 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లలో అర నిమిషం ఉంచి తీస్తారు. అది విన్న చిన్నమ్మ దీనిక్కూడా నా వేలు కావాలా అని అడిగింది. ఆవు 21 రోజులకోసారి ఎదకొస్తుంది, వచ్చినా ఆ ఎద పన్నెండు నుంచి పద్దెనిమిది గంటలు, అంతే. పొద్దున ఎద కనబడితే సాయంత్రం సూది, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున. ఆ గడువు దాటితే మళ్లీ మూడు వారాలు దాని ముఖం చూస్తా కూర్చోవాల్సిందే.

మా చేనికి తూర్పున గట్టు, గట్టుకు అవతల మామ చేను. ఈ మామ వరసకు నాయనకు బావ, పలకరింపు ఎప్పుడూ ఎకసెక్కంతోనే మొదలవుతుంది. 2024 సంక్రాంతికి ప్రధాని మోదీ ఢిల్లీలో తన ఇంట్లో పుంగనూరు ఆవులకు మేత తినిపించిన ఫొటోలు వచ్చినాక మా వైపు ఎక్కడ చూసినా పొట్టి ఆవుల మాటే, మామ కూడా ఎక్కడినుంచో ఒక పుంగనూరు గిత్తను తెచ్చుకున్నాడు. మూడడుగులు కూడా ఉండదు. ఊరి రోడ్డు మీద దాన్ని నడిపించుకుంటా పోతే పిల్లలు వెనకాలే. నాయన మాత్రం దాన్ని చూసిన ప్రతిసారీ, "ఏం బావా, మేకపోతును యాడికి తోలకపోతా ఉండావు?" అనేవాడు. మామ పట్టించుకునేవాడు కాదు. గిత్త కూడా.

ఆషాఢంలో ఒక రాత్రి మంచి వాన పడింది. తెల్లారేసరికి భూమి పదునెక్కి ఉంది, గాలి మాత్రం చెట్ల కొమ్మలు విరిగేటట్టు పడమటి నుంచి కొడతా ఉంది. ఇంట్లో అందరూ పచ్చికకు బయల్దేరుతుంటే దొడ్లో రాణి అరుపు. చూస్తే ఎద. నాయన సూదాయనకు ఫోన్ చేస్తే సాయంత్రం వస్తానన్నాడు. "మంచిదే, పొద్దున గడ్డి, సాయంత్రం సూది, ఒకే రోజు రెండు పనులు" అని నాయన సంబరపడినాడు.

చిన్నాయన పడమటి గట్టు దగ్గర నిలబడి తూర్పు ముఖంగా చల్లడం మొదలుపెట్టాడు. పిడికిలి తెరవడమే ఆలస్యం, విత్తనం కనబడేది కాదు. "చూడండి, ఎంత పలచగా పడతా ఉందో!" అని ఆయనే మెచ్చుకున్నాడు. రోలరు లేదు కాబట్టి తుమ్మకంపకు తాడు కట్టి చేనంతా లాగినాం. విత్తనమే లేని నేల మీద అంత శ్రద్ధగా కంప లాగిన కుటుంబం చిత్తూరు జిల్లాలో ఇంకోటి ఉండదు.

మధ్యాహ్నం ఇంటికొస్తే గాడి దగ్గర తెగిన పలుపు, రాణి లేదు. చిన్నాయన ముందు మాట ఏనుగులు. కౌండిన్య అడవి మాకు ఎంతో దూరం కాదు, ఏనుగులు దిగి చేలు తొక్కి పోవడం మాకు అలవాటే, కాబట్టి ఎవరూ నవ్వలేదు. అటక మీద నుంచి టపాకాయలు దిగినాయి. చిన్నాయన వరసగా కాలుస్తుంటే వీధంతా కర్రలు పట్టుకుని వచ్చేసింది, పట్టపగలు ఏనుగులు ఎట్లా వచ్చినాయని ఒకరు, మూడున్నాయని ఇంకొకరు, చూడకుండానే. వేపచెట్టు కింద మంచం మీద జేజి ఏదో చెప్పబోతే, "నువ్వు లోపలికి పో, తొక్కేస్తాయి" అని నాయన కేకలేశాడు. ఆమె నోరు మూసుకుంది.

రాణి మామ చేలో దొరికింది. గట్టు పక్క పల్లంలో నిలబడి నెమ్మదిగా నెమరు వేస్తా ఉంది, పొద్దుటి అరుపులు లేవు, గంతులు లేవు. గట్టు మీద మామ గిత్త ఒక్కటే నిలబడి ఎటో చూస్తా ఉంది. "టపాకాయలకు బెదిరినట్టుంది పాపం" అని నాయన రాణి వీపు నిమిరి ఇంటికి తోలుకొచ్చాడు. సాయంత్రం సూదాయన వచ్చాడు, పని కానిచ్చాడు, గొట్టం నంబరు రాసిచ్చిన చీటీని నాయన వెంకటేశ్వరస్వామి క్యాలెండరు వెనకాల భద్రంగా పెట్టుకున్నాడు.

మూడు వారాలయినా రాణి మళ్లీ ఎదకు రాలేదు. మూడు నెలలకు డాక్టరు చెయ్యి పెట్టి చూసి చూడి నిలిచిందన్నాడు. నాయన ఆనందానికి అంతు లేదు, ఒకే సూదికి నిలిచిందని ఎదురొచ్చినవాళ్లందరికీ చెప్పాడు. పచ్చిక సంగతి మాత్రం ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. అక్కడక్కడ స్టైలో, మిగతాదంతా మునుపటికన్నా ఏపుగా వయ్యారిభామ. దున్ని, తడిపి, కంప లాగి పెట్టినాం కదా, దానికి ఇంకేం కావాలి?

దసరా దాటినాక గట్టవతల చూస్తే మామ చేను మోకాలెత్తున కంకులేసి ఊగతా ఉంది. అంజన్ గడ్డి. మామ దాన్ని చూపించి, "ఏ జన్మ పుణ్యమో బావా, దున్నింది లేదు, చల్లింది లేదు" అంటుంటే నాయన ముఖం చూడాల్సింది. రాత్రి టార్చి వేసుకుని పోయి ఒక కంకి తెంపుకొచ్చి విత్తనాల సంచి మీది బొమ్మతో పోల్చుకున్నాడు. మర్నాడు ఇది మా విత్తనం అని అడగనే అడిగాడు. "గాలి తెచ్చి పోసింది బావా, గాలి మీద కేసు పెట్టుకో" అన్నాడు మామ. అయినా రోజుకొక మోపు కోసుకుపోతే అడ్డుపడలేదు, అంతవరకు మంచివాడే.

ఉగాది దగ్గర పడతా ఉండగా రాణి ఈనింది. ఏ కష్టమూ లేకుండా, ఎవరినీ పిలిచే పని లేకుండా ఈనింది. అక్కడే నాయనకు కొంచెం అనుమానం రావాల్సింది. దూడ చూస్తే చిన్నది, మరీ చిన్నది, నుదురు వెడల్పు, తోక నేలను తాకతా ఉంది. పైగా కోడెదూడ. నాయన వెంటనే సూదాయనకు ఫోన్ పెట్టాడు.

"తొంభై వంతు పెయ్యే అన్నావు కదా?"

"మిగతా పది వంతులు ఉంటాయి కదన్నా."

"సరే, పదిలో పడింది అనుకుంటాం. ఈ తోక ఏ వంతులో వస్తుంది?"

సూదాయన బండేసుకుని వచ్చి, దూడను చూసి, గట్టు వైపు చూసి, చీటీ అడిగి చూసి, ఇది నా గొట్టం కాదని చేతులెత్తేశాడు. అందరం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుంటే వేపచెట్టు కింద నుంచి జేజి గొంతు. "దాని నాయన గట్టవతల ఉండాడు గదరా."

"చూసినావా నువ్వు?"

"కంటికి ఎదురుగా జరిగితే చూడకేం జేసేది. ఇది పల్లంలో నిలబడె, అది గట్టెక్కె. బుద్ధిగలది, రెండు తూర్లు ఎత్తు చూసుకోని మరీ ఎక్కె."

"మరి చెప్పలేదేమమ్మా!"

"నువ్వు నన్ను ఏనుగులు తొక్కేస్తాయని లోపలికి తోలితివి."

చిన్నమ్మ పళ్లెం కడగతా కడగతా, "మన విత్తనం వాళ్ల చేలో, వాళ్ల విత్తనం మన దొడ్లో. లెక్క సరిపోయింది" అనేసింది. అంతే, ఆ మాట సాయంత్రానికి టీ అంగడికి చేరిపోయింది. మర్నాడు మామ జున్నుకు గిన్నె పట్టుకుని వచ్చి వాకిట్లోనే, "ఏం వియ్యంకుడా, బాలింత బాగుందా?" అన్నాడు. గిత్త దాటినందుకు తనకు డబ్బులు రావాలన్నాడు. ముందు నా గడ్డి విత్తనాల ఖర్చు కట్టమన్నాడు నాయన. "దూడ నీ గిత్తదని సాక్ష్యమేంది? ఇది జెర్సీనే, కొంచెం బలం తక్కువ" అని కూడా అన్నాడు. మేకపోతు అని ఎకసెక్కం చేసిన నోటితో ఒప్పుకోవడం కష్టమే మరి.

బెంగళూరు కారు వచ్చేదాకా ఆ మాట మీదే ఉన్నాడు. తిరుపతి నుంచి బెంగళూరుకు తిరిగిపోయే దంపతులు పలమనేరు చుట్టుపక్కల పొట్టి దూడలు దొరుకుతాయని విని దారి తప్పి మా వాకిట్లోకి వచ్చారు. ఆమె దూడను ఎత్తుకుని ఫొటోలు దిగతా ఉంటే, నాయన గొంతు సవరించుకుని, పుంగనూరు పాలల్లో ఎనిమిది శాతం దాకా వెన్న ఉంటుంది మేడం, నుదురు చూడండి, తోక చూడండి, పక్కా పుంగనూరు రక్తం అని మొదలుపెట్టాడు. ఈ మాటలు గట్టవతలికి వినబడినాయి. అయిదు నిమిషాల్లో మామ గిత్తకు మువ్వలు కట్టి తోలుకొచ్చి, "దూడ తండ్రి" అని పరిచయం చేసి, ధరలో సగం తనదన్నాడు. కారాయన తండ్రిని కొలిచి చూసుకుని, సంతోషపడి, "మరి తల్లి?" అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. జేజి చెయ్యెత్తి దొడ్డి వైపు చూపించింది. ఆయన భుజం ఎత్తుకు ఉన్న రాణి తలుపు మీదుగా తల బయటికి పెట్టి ఆయన్నే చూస్తా ఉంది. కారు ఏ వేగంతో వచ్చిందో దానికంటే వేగంగా పోయింది.

దూడ పొట్టిగానే ఉండిపోతే ఇంకెవరైనా రాకపోతారా అని నాయన ఆశ. ఐర్లాండ్ పద్ధతిలో దాన్ని తల్లికే వదిలేశాడు, అది పొద్దస్తమానం తాగతానే ఉంది, మాకు కాఫీలోకి పాలు లేవు, జేజి ఐర్లాండ్‌ను తిట్టని రోజు లేదు. పాలు ఎక్కువైతే పొట్టిగా ఎట్లా ఉంటుందని అడిగితే నాయన దగ్గర సమాధానం లేదు, పిల్లోడికి ఫోన్ చేసి కనుక్కుంటానంటాడు.

మొన్న మళ్లీ వానపడింది. చిన్నాయన ఈసారి మట్టి కలుపుతానని రెండు గంపల మట్టి తెచ్చి పెట్టుకున్నాడు, అది మామ కంట పడింది. గట్టు మీద కూర్చుని బీడీ వెలిగించుకుంటా అడిగాడు: "మట్టెందుకు బావా, పోయినేడు మాదిరే చల్లకూడదా? అట్లయితే ఏ రోజు చల్లేదీ ముందే చెప్పు, గిత్తను కట్టెయ్యకుండా వదుల్తా."