పుట్టింటివారి గోడు ఎవరికి పట్టింది?

జపాన్‌లో ఒక ఘోరం జరిగింది. చిబా లోట్టే మరీన్స్ అనే గౌరవనీయమైన బేస్‌బాల్ జట్టు ఐదు సీజన్లు కంటికి రెప్పలా సాకిన రోకి ససాకి అనే పిచర్‌ను 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ వారి చేతిలో పెట్టి, ఓలి కింద 16 లక్షల 25 వేల డాలర్లు మాత్రమే పుచ్చుకుంది. సరిగ్గా పదమూడు నెలల ముందు ఒరిక్స్ బఫెలోస్ వారు తమ యొషినోబు యమమోతోను అదే ఇంటికి పంపి 5 కోట్ల 6 లక్షల డాలర్ల పైచిలుకు అందుకున్నారు. అదే అత్తిల్లు, అదే వీధి, ఇంత తేడా! దీని మీద ఎవరైనా నోరు విప్పారా? లేదు. పైగా, "పిల్లవాడు సంతోషంగా ఉన్నాడు కదా" అంటున్నారు. పిల్లవాడి సంతోషానికీ ఈ వ్యవహారానికీ సంబంధం ఏమిటో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

పిచర్ అంటే బంతిని నేల తాకనివ్వకుండా నేరుగా బ్యాటు పట్టినవాడి మీదికి విసిరే బౌలరు అనుకోండి. ఈ వ్యాసానికి అంతకు మించి ఆట తెలియనక్కరలేదు. ఇందులో ఆట బహు తక్కువ.

అమెరికా వెళ్లాలని ముచ్చటపడే ఆటగాడిని అతని జట్టు దయతలచి అక్కడి జట్ల ముందు నిలబెట్టే పద్ధతికి పోస్టింగ్ అని పేరు. ఈ మాట వింటే మన ప్రభుత్వోద్యోగికి గుండె ఒకసారి ఆగి కొట్టుకుంటుంది. అక్కడా అంతే. ఇవ్వడం, ఇవ్వకపోవడం పైవారి చిత్తం. చిత్తం ప్రసన్నం కాకపోతే తొమ్మిది సీజన్ల కొలువు పూర్తిచేసి అప్పుడు ఎక్కడికైనా పోవచ్చు. అప్పటికి భుజంలో ఎంత మిగిలిందన్నది పుట్టింటివారు పట్టించుకోవలసిన సంగతి కాదు.

వీరు పుట్టింటివారు ఎలా అయ్యారని గిట్టనివారు అడుగుతారు. చెప్పడానికి సిగ్గెందుకు? బడి ముగించిన కుర్రవాడిని నాలుగు జట్లు కోరితే పెట్టెలో చీటీలు వేసి తీస్తారు. 2019లో ససాకి కోసం నాలుగు జట్లు చెయ్యి పెట్టాయి, లోట్టే వారికి తగిలాడు. మన దగ్గర చీటీ పాట దక్కినవాడికి ఆ సొమ్ము మీద ఎంత మమకారం పుడుతుందో తెలిసినవారికి ఈ కన్నప్రేమ గురించి వేరే చెప్పనక్కరలేదు.

మొదట్లో పద్ధతులు బాగానే ఉండేవి. 1964లో నంకాయ్ హాక్స్ వారు మసనోరి మురకామి అనే కుర్రవాడిని కొన్ని నెలలు పని నేర్చుకు రమ్మని శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ దగ్గరికి పంపారు. పండక్కి పంపిన పిల్లను అక్కడివారు ఉంచేసుకోబోయారు. పెద్దలు కూర్చుని తగవు తీర్చి, 1965 సీజన్ ముగిశాక వెనక్కి తెచ్చుకున్నారు. ఆ తరవాత ముప్ఫై ఏళ్లు జపాన్ నుంచి మరొకడు గడప దాటలేదు. అదీ క్రమశిక్షణ అంటే.

చెడగొట్టినవాడు హిదెయో నోమో. కింతెత్సు బఫెలోస్‌లో ఉన్న ఈ మనిషి 26 ఏళ్లకే రిటైరవుతున్నానని ప్రకటించాడు. రిటైరైనవాడు జపాన్‌లో మరో జట్టుకు ఆడకూడదని నిబంధనల్లో ఉంది కాని, సముద్రం అవతల ఆడకూడదని రాయడం మరిచిపోయారు. సన్యాసం పుచ్చుకుంటానని ఇల్లు విడిచినవాడు పక్క ఊళ్లో పెళ్లిపీటల మీద తేలినట్టు, 1995లో డాడ్జర్స్ చొక్కాతో తేలాడు. ఆ ఏడు 236 స్ట్రైకౌట్లతో, అంటే బ్యాటు పట్టినవాడిని మూడు స్ట్రైకులతో అవుట్ చేసిన లెక్కతో, అమెరికా మేజర్ లీగ్‌లో ఒక సగమైన నేషనల్ లీగ్‌లో మొదటివాడై, ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి కూడా పట్టాడు. ఉద్యోగ విరమణ చేసిన ఏడాదే కొత్తవాడిగా సన్మానం పొందిన ఘనుడు మరొకడు ఉంటే చూపండి.

అంతలో 1997లో లోట్టే వారు హిదెకి ఇరాబును అడగకుండానే శాన్ డియాగో వారికి మాట ఇచ్చేశారు. అతను పీటల మీద నుంచి లేచి, చేసుకుంటే న్యూయార్క్ యాంకీస్‌నే చేసుకుంటానన్నాడు, చేసుకున్నాడు కూడా. మాట ఇచ్చిన పెద్దల ముఖాలు ఏం కావాలి? ఆ ముఖాలు కాపాడేందుకే 1998లో పోస్టింగ్ పుట్టింది.

ఆహా, ఆ తొలి రోజులు! అమెరికా జట్లు సీలు వేసిన కవర్లలో పాట రాసి పంపేవి. ఎక్కువ రాసినవాడికి ఆటగాడు కాదు, ఆటగాడితో మాట్లాడే అవకాశం మాత్రమే దక్కేది. 2006లో బోస్టన్ రెడ్ సాక్స్ వారు సెయిబు లయన్స్ పిచర్ దైసుకె మత్సుజాకా కోసం 5 కోట్ల 11 లక్షల 11 వేల 111 డాలర్ల 11 సెంట్లు రాశారు. నూటపదహార్ల విలువ తెలిసిన జాతిగా మనం ఆ చివరి 11 సెంట్లకు నమస్కరించాలి. పిల్లవాడికి ఆరేళ్లకు కలిపి 5 కోట్ల 20 లక్షలు. అంటే అతను ఆరేళ్లు విసిరి సంపాదించేదీ, పుట్టింటివారు కవరు విప్పి సంపాదించినదీ దాదాపు సమానం. ఇంత ధర్మబద్ధమైన పంపకం నేను ఆస్తి తగాదాల్లో కూడా చూడలేదు.

అదే శీతకాలంలో యాంకీస్ వారు హాన్షిన్ టైగర్స్ పిచర్ కెయి ఇగావా కోసం 2 కోట్ల 60 లక్షల 194 డాలర్లు రాశారు. ఆ 194 అతను ఆ ఏడు పడగొట్టిన స్ట్రైకౌట్ల లెక్క. మేజర్ లీగ్‌లో అతను గెలిచిన ఆటలు రెండు. మిగతా కాలమంతా చిన్న లీగుల్లోనే గడిచింది. యాంకీస్ వారు ఏడ్చి ఉండవచ్చు. హాన్షిన్ వారు ఓలి వెనక్కి ఇవ్వనక్కరలేదు కనుక పద్ధతిలో లోపమేమీ లేదు. 2010లో హిసాషి ఇవకుమా సంబంధం ఓక్లండ్‌తో నిశ్చితార్థం దాకా వచ్చి తప్పిపోయినప్పుడు మాత్రం పుట్టింటికి పైసా రాలేదు. అది నిజమైన విషాదం.

2013లో ఓలికి 2 కోట్ల హద్దు గీశారు. ఆ ఏడు 24 గెలిచి ఒక్కటీ ఓడని మసహిరో తనాకా 15 కోట్ల 50 లక్షల ఒప్పందంతో వెళితే, అతని జట్టు రకుతెన్ వారికి దక్కింది ఆ 2 కోట్లే. 2018 నుంచి ఓలి అంటే ఆటగాడి ఒప్పందం మీద శాతాలు. శాతాల వరకు నాకు అభ్యంతరం లేదు, వాటితో ఒరిక్స్ వారు బాగుపడ్డారు. పాతికేళ్లు నిండని విదేశీయుడికి పెద్ద ఒప్పందం ఇవ్వకూడదన్న అమెరికా వారి నియమమే కొంప ముంచింది. రెండేళ్లు ఓపిక పడితే ససాకికీ లోట్టేకీ కోట్లు. అతను పట్టలేదు. ఇరవై మూడేళ్లకే వెళ్లిపోయాడు, 65 లక్షల డాలర్ల బోనసుకు, దాని మీద పావు వంతు పుట్టింటికి. తన డబ్బు తాను పోగొట్టుకునే హక్కు ఎవడికైనా ఉంటుంది. లోట్టే వారి డబ్బు పోగొట్టే హక్కు ఇతనికి ఎవరిచ్చారు?

ఇక యమమోతో. జపాన్‌లో వారానికి ఒక్కసారి దిగిన చెయ్యి అది, ఎంత పదిలంగా వాడారో! 2025 అక్టోబరు 31న టొరంటోలో మేజర్ లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ ఆరో ఆటలో 96 బంతులు వేసింది. మర్నాడే ఏడో ఆటలో మళ్లీ దిగి మరో 34 వేసి కప్పు తెచ్చింది. ఒరిక్స్ వారు ఆ 34 బంతులకు విడిగా బిల్లు పంపినట్టు ఎక్కడా కనబడలేదు. జట్టువారంతా మీద పడి కావలించుకుంటుంటే యమమోతో నవ్వుతున్నాడు. ఎవరినీ అడగకుండానే.