చప్పట్ల వారికి, గబ్బిలాల పార్కు నుంచి

మహారాజశ్రీ చప్పట్ల వారి సముఖానికి,

ఉభయకుశలోపరి. మీ క్షేమం ప్రత్యేకంగా అడగటం లేదు. మీరు బ్రహ్మాండంగా ఉన్నారని పార్కు గేటు దాకా వినబడుతూనే ఉంది.

మీ మీద నాకు పాత కక్షలేమీ లేవు. ఈ ఊళ్లో మీకున్న చరిత్ర చిన్నదా? గోల్కొండ కోటలో కింద గుమ్మటం దగ్గర గైడు రెండు అరచేతులు కలిపితే పైన బాలాహిసార్‌లో నిలబడ్డవాళ్లకి వినబడుతుంది. కుతుబ్‌షాహీల కాలంలో కబుర్లు అలాగే పైకి వెళ్లేవని చెబుతారు. రవీంద్రభారతిలో మీరు మోగకపోతే వక్తకి తన ప్రసంగం అయిపోయిందని తెలియదు (కొందరికి మీరు మోగినా తెలియదు). అంతటి ఉద్యోగాలు చేసిన మీరు, ఆదివారం సాయంత్రం నాలుగింటికి మా పేట పక్కనున్న చిన్న పార్కుకొచ్చి, చెట్టుకి వేలాడుతూ పడుకున్న జంతువుల్ని లేపే పనిలో ఎందుకు చేరారన్నదే నా ప్రశ్న.

ఆ పార్కులో పెద్దగా ఏమీ లేదు. విరిగిన ఉయ్యాల, నీళ్లు రాని ఫౌంటెన్, ప్లాస్టిక్ వాడరాదని రాసిన ప్లాస్టిక్ బోర్డు. ఇవి కాక నాలుగు నిద్రగన్నేరు చెట్లు, వాటి నిండా గబ్బిలాలు. జనం వచ్చేది వాటి కోసమే. వచ్చి తలెత్తి చూస్తారు. అవి కదలవు. అర నిమిషం ఓపిక పడతారు. ఆ తర్వాత మిమ్మల్ని పిలుస్తారు.

"ఎందుకండీ కొడుతున్నారు?" అని ఒక పెద్దాయన్ని అడిగాను.

"ఎగరకపోతే ఏం జూడాలె? పార్కింగుకే ఇరవై ఇచ్చినం" అన్నాడు.

న్యాయమే. ఇరవై రూపాయలకి కనీసం ఒక రౌండైనా కొట్టాలి కదా గబ్బిలం. పక్కనే ఇంకొకాయన తన మనవడికి సైన్సు చెబుతున్నాడు. గబ్బిలాలకి కళ్లు కనబడవట, శబ్దంతోనే దారి చూసుకుంటాయట, కాబట్టి చప్పట్లు కొడితే వాటికి సాయం చేసినట్టేనట! చప్పట్ల వారూ, మిమ్మల్ని సమాజసేవ కింద లెక్కేసినవాణ్ణి నేను అక్కడే చూశాను. పురుగుల్ని తినే చిన్న గబ్బిలాల విషయంలో ఆయన చెప్పిందాంట్లో సగం నిజం. అవి తమ కూత ప్రతిధ్వనిని పట్టుకుని చీకట్లో ఎగురుతాయి, మీ మోతతో వాటికి పనిలేదు. ఈ చెట్ల మీదున్నవి మాత్రం పండ్లు తినే పెద్ద రకం. పెద్దవైతే కిలో పైన తూగుతాయి, రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకి నాలుగడుగుల పైమాటే. వీటికి పెద్ద కళ్లున్నాయి, వాటితో చక్కగా చూస్తాయి కూడా. అంటే కింద మనం ఏం చేస్తున్నామో అవి చూస్తూనే ఉన్నాయి. పరువు పోయేది అక్కడే.

ఎండాకాలంలో మరీ దారుణం. ఇవి పిల్లల్ని కనేది కూడా ఆ రోజుల చుట్టుపక్కలే. ఏడాదికి ఒక్క పిల్ల, అదీ కొన్ని వారాల పాటు తల్లి పొట్టకి కరుచుకునే ఉంటుంది. వేడి తట్టుకోలేక తల్లి రెక్కలతో విసురుకుంటుంది, ఒళ్లంతా నాక్కుని తడుపుకుంటుంది. కిందున్నవాళ్లు దాన్ని "హాయ్ చెబుతోంది, హాయ్ చెప్పు నాన్నా" అని వీడియో తీస్తారు. అప్పుడు మీరు ఠపీమని మోగుతారు. పిల్లని మోసుకుంటూ అంత బరువుతో అది లేచి, మండుటెండలో నాలుగు చుట్లు తిరిగి, మళ్లీ అదే కొమ్మకి వస్తుంది. హైటెక్ సిటీలో నైట్‌షిఫ్ట్ చేసొచ్చి పడుకున్నవాడి కిటికీ కింద మధ్యాహ్నం బ్యాండుమేళం పెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది వాటికి. అతనైతే కనీసం కాలనీ గ్రూపులో తిట్టుకోగలడు.

పోనీ, మీరు రావలసిన చోటికైనా వచ్చారా? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పండ్లు తినే గబ్బిలాల్ని కాకులు, ఎలుకల సరసన హానికర జంతువుల జాబితాలో పెట్టింది. అప్పట్లో ఎవరు చంపినా అడిగే దిక్కు ఉండేది కాదు. 2022లో చేసిన సవరణ ఆ జాబితానే ఎత్తేసింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఆ రోజు హైదరాబాదులో మీ జాడ లేదు. అంతకుముందు 2020 మార్చి 22న, ఆదివారం సాయంత్రం సరిగ్గా అయిదింటికి, వైద్యుల కోసం ప్రతి బాల్కనీలోనూ మోగారు. మంచిదే. ఆ రోజుల్లోనే కరోనా పాపమంతా గబ్బిలాల నెత్తిన వేసి, ఆ చెట్లు కొట్టించెయ్యాలని వాదించినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. అవే చేతులు ఇప్పుడు పార్కుకొచ్చి "ఎగురు, ఎగురు" అంటున్నాయి.

ఇవి రాత్రుళ్లు చేసే పని మాత్రం ఎవరూ వీడియో తీయరు. మర్రి, రావి, మేడి పండ్లు తిని వాటి విత్తనాల్ని మైళ్ల అవతల వదిలేసి వస్తాయి. గోడ పగుల్లో మొలిచిన రావిమొక్కని చూసి తిట్టుకుంటాం కానీ, వేసిందెవరో ఆలోచించం. మీ గోల్కొండలోనే, నయాఖిల్లాలో ఏనుగంత మొదలున్న బావోబాబ్ చెట్టు ఉంది, 'హాథియాఁ కా ఝాడ్' (ఏనుగుల చెట్టు) అంటారు. ఆ జాతి పుట్టిల్లు ఆఫ్రికా. దాని పూలు రాత్రిపూట విచ్చుకుంటాయి. అక్కడ చాలాచోట్ల వాటికి పరాగసంపర్కం జరిపించేది గబ్బిలాలే. పగలు మీరు లేపకుండా ఉంటే రాత్రి డ్యూటీకి అవి కాస్త ఓపికతో వెళతాయి.

అయితే తప్పంతా మీదే అనను. గబ్బిలాలు పొద్దు గుంకాక వాటంతట అవే లేస్తాయి. ఒకటి, పది, తర్వాత లెక్క తెలియనన్ని, బారులు తీరి వెళ్లిపోతాయి. పైసా ఖర్చు లేని ప్రదర్శన. మే నెలలో మన ఊళ్లో పొద్దు గుంకేది ఆరున్నర దాటాక. పార్కు మూసేది ఆరింటికి. అయిదూ ముప్పావుకే వాచ్‌మన్ ఈల ఊదుకుంటూ అందర్నీ బయటికి తోలేస్తాడు. గబ్బిలాల పార్కు అని పేరు పెట్టి, గబ్బిలం ఎగరకముందే తాళం వేసే ఏర్పాటు ఎవరికి తట్టిందో గానీ, జనానికి మిమ్మల్ని అలవాటు చేసింది ఆ తాళమే.

కాబట్టి నా మనవి ఇది. మీకు అంత ఖాళీగా ఉంటే ఆ వేళలు నిర్ణయించే అధికారి గది బయటికి వెళ్లి మోగండి. ఆయన కూడా మధ్యాహ్నం పూట కాస్త కునుకు తీస్తూ ఉండొచ్చు, మీకు అనుభవం ఉన్న పనే. ఏడున్నర దాకా గేటు తెరిచి ఉంచమని ఉత్తర్వు వచ్చిందా, గేటు బయట మిమ్మల్ని నేనే స్వయంగా మోగిస్తాను.

ఇట్లు,
ఇరవై రూపాయలు కట్టి బెంచీ మీద ఊరికే కూర్చునే ఒక సందర్శకుడు

తా.క.: మీ మిత్రులు ఈల గారికీ, సెల్‌ఫోన్ ఫ్లాష్ గారికీ ఈ ఉత్తరం చదివి వినిపించగలరు. బ్లూటూత్ స్పీకర్ గారికి విడిగా రాస్తున్నాను. అది కాస్త పొడుగు ఉత్తరం.