మార్కులు సరే, మావాడి సంగతి చెప్పండి

స్కూలు వాట్సాప్ గ్రూపులో క్లాసు మొత్తం మార్కులు ఒకే షీటులో పెట్టే పద్ధతి ఎవరు మొదలుపెట్టారో గానీ, ఫెయిలైన వాళ్ల పేర్లకు ఎర్ర రంగు వేసి మరీ పెడతారు. ఆ రాత్రి ఎన్ని ఇళ్లలో పిల్లల వీపు పగులుతుందో వాళ్లకు తెలీదా? పక్కింటి పిల్లకు లెక్కల్లో ఎన్నొచ్చాయో నాకెందుకండీ!

పోనీ మావాడి కార్డు చూద్దామంటే 'ఇంప్రూవ్ కావాలి' అని ఒక్క ముక్క. ఎందులో? ఎక్కాలు రావడం లేదా, భిన్నాలు అర్థం కావడం లేదా, అసలు లెక్క చదవడమే రావడం లేదా? అది తెలిస్తే కదా ఇంట్లో కూర్చోబెట్టి చెప్పేది. ట్యూషన్ పెట్టించండి అనడం సలహా కాదు, తప్పించుకోవడం.

ఇక పేరెంట్స్ మీటింగ్. తిరుపతిలో శనివారం పొద్దున పదింటికి! హోటళ్లలో పనిచేసేవాళ్లకు, కొండకు ట్యాక్సీ తోలేవాళ్లకు ఊపిరాడని రోజు అదే. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో షిఫ్టుకెళ్లే తల్లి జీతం కోత పెట్టుకుని వస్తే, సార్ రెండు నిమిషాలు మాట్లాడి సంతకం చేయించుకుంటాడు.

ప్రభుత్వ బడులు నయమా అంటే, కొంత నయమే. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టి, ప్రోగ్రెస్ కార్డులు తల్లిదండ్రుల చేతికిచ్చారు. మంచి పనే. అదీ శనివారమే అనుకోండి. ముగ్గులు, ఆటలు, నాయకుల ఉపన్యాసాలు తగ్గించి ఆ టైము టీచరుకిస్తే ఇంకా బాగుండేది. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి. కనీసం అడిగే చోటంటూ ఒకటుంది. ప్రైవేటులో మనకు ఫోన్ వచ్చేది ఫీజు బాకీ ఉంటేనో, పిల్లాడు అల్లరి చేస్తేనో.

టీచర్లను తిట్టడం నా ఉద్దేశం కాదు. ఐదు సెక్షన్లు చూసే మనిషి ప్రతి ఇంటికీ వ్యాసం రాయలేడు. నెలకోసారి ఒక్క నిమిషం వాయిస్ మెసేజ్ చాలు, ఆ ఇంటికి మాత్రమే. తెలుగులో; నగరి, సత్యవేడు వైపైతే కావాలంటే తమిళంలో. "మీవాడు కూడికలు బాగా చేస్తున్నాడు, అప్పు తీసుకునే తీసివేతల దగ్గర ఆగిపోతున్నాడు, రోజూ ఐదు లెక్కలు చేయించండి" అని. అక్షరం రాని తండ్రికీ అర్థమవుతుంది. ఫీజు గడువు వారం ముందు నుంచీ రోజూ గుర్తుచేసే ఆఫీసుకు ఇది చేతకాదంటే ఎలా నమ్మేది?