తల్లి లేని బాతు పిల్లల్ని నీళ్లలో వదలకండి

బాతు పిల్లలు పుట్టిన మర్నాడే ఈదేస్తాయని బాతుల గురించిన మీ వ్యాసంలో రాశారు. తల్లి వెంట ఉంటే నిజమే. అవి కాసేపు ఈది, తల్లి రెక్కల కింద దూరి ఒళ్లు ఆరబెట్టుకుంటాయి. కానీ మన ఊళ్లలో చాలామంది బాతు గుడ్లను కోడి కిందో, ఇంక్యుబేటర్‌లోనో పొదిగిస్తారు. 28 రోజులు (మస్కొవీ జాతికైతే 35) టెన్షన్ పడి, గుడ్లు తిప్పుతూ, గోరువెచ్చటి నీళ్లు చిలకరిస్తూ కాపాడిన పిల్లల్ని వెంటనే తొట్టిలో వేస్తే, నూగు తడిసి ముద్దయి చలికి చనిపోతాయి. దయచేసి ఈ ముక్క కూడా వ్యాసంలో చేర్చండి.

మొదటి వారాల్లో వాటికి కావలసింది వెచ్చటి బల్బు, పొడి ఊక, ముక్కు మునిగేంత లోతున్న నీళ్ల గిన్నె. ముక్కు ముంచితేనే ముక్కురంధ్రాలు, కళ్లు శుభ్రపడతాయి. ఒళ్లు మాత్రం తడవకూడదు.