కనెక్షన్ తెంచింది పైథానా, మన సర్టిఫికెట్టా?

అనంతపురంలో చీనీ (బత్తాయి) మండీలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నడిపే చిన్న ఆఫీసు ఒకటి ఉందనుకోండి. కాటా పక్కనున్న కంప్యూటర్ ప్రతి లాటు బరువునూ హెచ్‌టీటీపీఎస్ (గుప్తంగా నడిచే కనెక్షన్) మీద ఆఫీసు సర్వర్‌కు పంపుతుంది. అవతల ఉన్నది నిజంగా ఆ సర్వరేనని చెప్పే సర్టిఫికెట్ బయటినుంచి తెచ్చుకున్నది కాదు. ఆఫీసువాళ్లే సొంతంగా ఒక సీఏ (సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టే అథారిటీ) పెట్టుకుని, దానితో సంతకం చేసుకున్నారు. కాటా కంప్యూటర్లలో ఈ ప్రోగ్రాం నడిపే పైథాన్ భాషను 3.12 నుంచి 3.13కు మార్చారు. మర్నాడు వేలం మొదలైంది గానీ ఒక్క బరువూ సర్వర్‌కు చేరలేదు. లాగ్ నిండా ఒకటే మాట: ‘సర్టిఫికెట్ వెరిఫై ఫెయిల్డ్: మిస్సింగ్ అథారిటీ కీ ఐడెంటిఫయర్’.

తప్పు ఎవరిదో తేల్చమని ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టాను. ఒకరు ఆ సర్వర్‌ను మొదటినుంచీ చూసుకుంటున్న పాతకాపు. ఇంకొకరు వెర్షన్ మార్చిన కొత్తమ్మాయి.

పాతకాపు: ముందు ఇది చెప్పమ్మా. మొన్న సాయంత్రం దాకా ఇదే సర్టిఫికెట్, ఇదే సర్వర్, ఇదే నెట్టు. మారింది పైథాన్ ఒక్కటే. మరి తప్పు దేనిది?

కొత్తమ్మాయి: ఏది మారిందో చూస్తే పైథానే అన్నా, కాదనను. కానీ అది ఏమడిగిందో చూడండి. ఈ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టిన కీ ఏదో చెప్పే గడి ఒకటి ఉండాలి, అథారిటీ కీ ఐడెంటిఫయర్ అంటే అదే. ఆ మాట సర్టిఫికెట్ల ప్రమాణాలు రాసిన ఆర్‌ఎఫ్‌సీ 5280లో 2008 నుంచీ ఉంది. మన సర్టిఫికెట్‌లో ఆ గడే లేదు. 3.12 చూసీ చూడనట్టు వదిలేసింది, 3.13 పట్టుకుంది.

పాతకాపు: బ్రౌజర్లో తెరిస్తే ఏ హెచ్చరికా రాలేదు. సర్వర్‌ను కమాండుతో పలకరించే కర్ల్‌తో కొడితే చక్కగా జవాబొచ్చింది. వాళ్లందరికీ లేని పట్టింపు దీనికెందుకు?

కొత్తమ్మాయి: కర్ల్ అంత గట్టిగా తనిఖీ చేయదు కాబట్టి. పైథాన్‌ను పూర్తిగా పక్కన పెట్టి చూద్దాం. (ల్యాప్‌టాప్ ఆయనవైపు తిప్పింది.) సర్టిఫికెట్లు తీసే, తనిఖీ చేసే టూలు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో వెరిఫై కమాండుకు మన సీఏ ఫైలు, సర్వర్ సర్టిఫికెట్ ఇస్తున్నా. ‘ఓకే’ అంది కదా. ఇప్పుడు అదే కమాండుకు ‘ఎక్స్509 స్ట్రిక్ట్’ అనే ఆప్షన్ ఒక్కటి తగిలిస్తున్నా. చూడండి, లాగ్‌లో ఉన్న మాటే వచ్చింది. ఇక్కడ పైథాన్ ఎక్కడుంది?

(నన్నడిగితే ఈ గొడవలో అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇదే. చాలామంది ఇది చేయకుండా పైథాన్‌ను తీసేసి, మళ్లీ వేసి, మళ్లీ తీసేసి పూటంతా పోగొట్టుకుంటారు.)

పాతకాపు: సరే, ఆ ఆప్షన్‌ను మన నెత్తిన పెట్టిందెవరు?

కొత్తమ్మాయి: పైథాన్ 3.13నే. కనెక్షన్ సెట్టింగులన్నీ కలిపి డిఫాల్ట్ కాంటెక్స్ట్ తయారుచేసే ఫంక్షన్ ఉంది కదా, అది ఇప్పుడు స్ట్రిక్ట్ ఫ్లాగును తనంతట తానే పెడుతుంది. బిగించడమొక్కటే కాదు, ఒకచోట వదులు కూడా చేసింది. మనం నమ్మే జాబితాలో రూట్, అంటే అన్నిటికంటే పై సీఏ, లేకపోయినా, మధ్యలో ఉన్న సీఏ ఒక్కటి ఉంటే సరిపోయేలా పార్షియల్ చైన్ ఫ్లాగును కూడా డిఫాల్ట్ చేసింది.

పాతకాపు: వీళ్లకిది అలవాటే. 2014లో 2.7.9 వచ్చినప్పుడు సర్టిఫికెట్ తనిఖీ తప్పనిసరి చేశారు, అప్పుడూ సగం స్క్రిప్టులు పడుకున్నాయి. 3.10లో హెచ్‌టీటీపీఎస్‌కు ఆధారమైన టీఎల్‌ఎస్ 1.2 కంటే కింద మాట్లాడనన్నారు. 3.12లో కనెక్షన్‌కు టీఎల్‌ఎస్ తొడిగే పాత ర్యాప్ సాకెట్ ఫంక్షన్‌నే పీకేశారు. వెర్షన్ మార్చినప్పుడల్లా ఏదో ఒక తలుపు మూసుకుంటుంది, మనం బయట నిలబడాలి.

కొత్తమ్మాయి: ర్యాప్ సాకెట్ సంగతి మీరే ఎత్తారు కాబట్టి అంటున్నా. అది అవతలి సర్వర్ పేరు సరిపోలిందా లేదా అని కూడా చూసేది కాదు. 3.7 నుంచే వద్దని చెప్తూ వచ్చి 3.12లో తీసేశారు. అన్నేళ్లు చెప్పాక కూడా మనం మార్చుకోకపోతే వాళ్లనేం అంటాం?

పాతకాపు: తప్పని నేననడం లేదు. వేలం నడిచే పొద్దున నాకు ఈ పాఠం అక్కర్లేదంటున్నా. రైతు బండి దించి నిలబడ్డాడు, వ్యాపారి రేటు పాడాడు, బరువు ఎక్కడం లేదు. ఆ టైంలో చేయాల్సిన పని ఒకటే, 3.12కు వెనక్కి పోవడం. దానికి 2028 అక్టోబర్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. అంటే నేను పాడుబడ్డ వెర్షన్ పట్టుకుని వేలాడటం లేదు కదా.

కొత్తమ్మాయి: ... అది నిజమే.

(ఇక్కడ ఆయన మాటే సబబు. వెనక్కి పోవడమంటే పిరికితనమన్నట్టు మాట్లాడేవాళ్లు వేలం రోజు మండీలో నిలబడి చూడాలి.)

పాతకాపు: లేదా ఇంకో దారి. వెరిఫికేషనే ఆపేస్తే ఆ పూట గడిచిపోతుంది. తీరిగ్గా తర్వాత చూసుకోవచ్చు.

కొత్తమ్మాయి: అది మాత్రం వద్దన్నా. తూనికల శాఖ ముద్ర లేని కాటా మీద మీరు ఒక్క బస్తా అయినా తూస్తారా? నిన్నటిదాకా సరిగ్గానే తూగింది కదా అంటే ఊరుకుంటారా? మండీ వైఫైలో ఎవరెవరు ఉంటారో మీకు తెలుసు. తనిఖీ ఆపేస్తే, ఎవడో మధ్యలో దూరి నేనే సర్వర్‌ను అన్నా మన ప్రోగ్రాం నమ్మి బరువులు పంపేస్తుంది. అవతలికి చేరేలోపు వాడు అంకెలు మార్చినా మనకు తెలియదు. ఇక ‘తర్వాత చూసుకుందాం’ అని ఆపిన వెరిఫికేషన్ మళ్లీ ఆన్ చేసినవాళ్లను మీరెప్పుడైనా చూశారా?

పాతకాపు: (నవ్వి) చూడలేదులే.

కొత్తమ్మాయి: పూట గడవాలంతే కదా, ఆ స్ట్రిక్ట్ ఫ్లాగు ఒక్కటి తీసేద్దాం. కాంటెక్స్ట్‌లో వెరిఫై ఫ్లాగ్స్ నుంచి దాన్ని కొట్టేయడం ఒక్క లైను పని. పైథాన్ డాక్యుమెంటేషన్‌లోనే ఆ దారి ఉంది, మంచిది కాదన్న మాటతో సహా. అది తీసినా సంతకం తనిఖీ, పేరు తనిఖీ, గడువు తనిఖీ అన్నీ అలాగే ఉంటాయి. ఈలోగా సర్వర్ సర్టిఫికెట్‌కు ఆ గడి చేర్చి మళ్లీ సంతకం చేస్తే అయిపోతుంది. అయిదు నిమిషాలు పట్టదు.

పాతకాపు: అయిదు నిమిషాలా! సీఏ సర్టిఫికెట్ తెరిచి చూశావా?

కొత్తమ్మాయి: సర్వర్‌దే చూశా.

పాతకాపు: నేను చూశా పాపా. దాంట్లో కీ యూసేజ్, అంటే ఆ కీని దేనికి వాడొచ్చో చెప్పే గడి, లేదు. నువ్వు సర్వర్ సర్టిఫికెట్ బాగుచేయగానే ఈ గోల ఆగి, ‘సీఏ సర్ట్ డజ్ నాట్ ఇంక్లూడ్ కీ యూసేజ్ ఎక్స్‌టెన్షన్’ అని ఇంకో గోల మొదలవుతుంది. తనిఖీ సర్వర్ సర్టిఫికెట్ దగ్గర మొదలై పైకి పోతుంది. అందుకే కింది తప్పు తీరేదాకా పై తప్పు కనపడదు. నేనేదో మరిచిపోయి చేసింది కూడా కాదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో వచ్చే కాన్ఫిగ్ ఫైల్లో, సీఏ భాగంలో కీ యూసేజ్ లైను ముందు హ్యాష్ గుర్తు పెట్టి ఉంటుంది, అంటే ఆ లైను లెక్కలోకి రాదు. దాన్ని అలాగే వాడుకున్నవాళ్లందరిదీ ఇదే పరిస్థితి. ఇప్పుడు సీఏ మార్చాలంటే ఆ ఫైలు ప్రతి కాటా కంప్యూటర్లోకీ పోవాలి. తాడిపత్రికీ పోవాలి, నార్పలకూ పోవాలి. అన్నీ ఒకేరోజు మార్చలేను. సగం మార్చి సగం మార్చకపోతే మళ్లీ పొద్దున్నే ఫోన్లు.

(ఆ అమ్మాయి దీనికి వెంటనే జవాబు చెప్పలేదు. కాగితం తీసుకుని గీతలు గీసింది. ఈ వాదంలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా.)

కొత్తమ్మాయి: అన్నా, సీఏ ప్రైవేట్ కీ మీ దగ్గర భద్రంగా ఉందా?

పాతకాపు: ఉంది.

కొత్తమ్మాయి: అయితే కొత్త కీ వద్దు. అదే కీతో, అదే పేరుతో సీఏ సర్టిఫికెట్‌ను మాత్రం మళ్లీ తీద్దాం. ఈసారి కీ యూసేజ్ పెట్టి, ఇది సీఏ అని చెప్పే బేసిక్ కన్‌స్ట్రెయింట్స్ గడిని క్రిటికల్ (తప్పక చూడాల్సింది) చేద్దాం. పేరూ కీ మారవు కాబట్టి సర్వర్ సర్టిఫికెట్ మీది సంతకం పాత సీఏ ఫైలుతోనూ సరిపోతుంది, కొత్త ఫైలుతోనూ సరిపోతుంది. 3.12 ఉన్న కాటాలు పాత ఫైలుతో నడుస్తూనే ఉంటాయి. ఏ కంప్యూటర్‌కు కొత్త ఫైలు పోతే దాన్ని అప్పుడు 3.13కు మారుద్దాం. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. సర్వర్ సర్టిఫికెట్‌లో ఆ గుర్తింపు గడి నింపేటప్పుడు కీ ఐడీ మాత్రమే పెట్టాలి. సీఏ సీరియల్ నంబర్ కూడా రాస్తే, రెండు ఫైళ్ల సీరియల్ వేరు కాబట్టి ఒకదానితో కుదిరి ఇంకోదానితో కుదరదు.

పాతకాపు: ఊఁ. ఇది వినడానికి బాగుంది.

కొత్తమ్మాయి: అసలు ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ తీసుకుంటే ఈ సీఏ మోత ఉండదు. డీఎన్‌ఎస్ (ఇంటర్నెట్ పేర్ల పట్టిక) ద్వారా పేరు మనదని నిరూపిస్తే చాలు, సర్వర్‌ను బయటికి తెరవక్కర్లేదు.

పాతకాపు: మూడు నెలలు తిరక్కుండానే కొత్తది తీయాలి. ఆటోమేటిక్‌గా అవుతుందంటావు. అది ఆగిపోయిన రోజు నాకే ఫోన్ వస్తుంది. దాని సంగతి తర్వాత. ముందు తూకం డిస్‌ప్లే డబ్బా గురించి చెప్పు. అది టీఎల్‌ఎస్ 1.0 తప్ప వేరే ఏదీ మాట్లాడదు. దానికోసమే సర్వర్‌లో మినిమమ్ వెర్షన్ దించి, సెక్యూరిటీ లెవెల్ సున్నా (పాత, బలహీన పద్ధతులకూ ఒప్పుకునే మెట్టు) పెట్టి నడుపుతున్నా. నీ స్ట్రిక్ట్ లెక్కలో దాన్నేం చేద్దాం?

కొత్తమ్మాయి: ఒక్క డబ్బా కోసం మొత్తం సర్వర్‌ను సున్నాకు దించారా!

పాతకాపు: డబ్బా మార్చాలంటే మండీవాళ్లు డబ్బివ్వాలి. ఇస్తారా?

కొత్తమ్మాయి: ఇవ్వరు. అయితే దానికి వేరే పోర్టు పెడదాం. ఆ పోర్టు కాటా వైపు వైరు మీద తప్ప ఇంకెక్కడా వినకూడదు. సున్నా లెవెల్ అక్కడికే పరిమితం. మిగతా సర్వర్ 1.2కు ఎక్కాల్సిందే.

పాతకాపు: ఆ వైరు మా షెడ్డు గోడ దాటదు. అదైతే ఒప్పుకుంటా. కానీ వేలం లేని రోజు చూసి చెయ్యి. ముందు నా పాత ల్యాప్‌టాప్‌లో 3.13 వేసి, ఆ స్ట్రిక్ట్ కమాండు నా ముందర కొట్టి చూపించు. రెండు సీఏ ఫైళ్లతోనూ.