కొమ్మలు కొట్టించా సరే, ఇప్పుడు ఎక్కడ వెయ్యాలి?

రెండేళ్లు తాళం వేసున్న అమ్మవాళ్ల ఇంటి పెరడు మొన్న క్లీన్ చేయించా, మునగ, గన్నేరు, కాగితంపూల తీగ అన్నీ కలిసిపోయి బావి దగ్గరికి దారే లేదు. కొట్టడం రెండు రోజుల్లో అయిపోయింది. అసలు బాధ ఆ తర్వాతే.

చెత్త బండి అబ్బాయి "కొమ్మలు ఎక్కించుకోం సార్, ట్రాక్టర్ మాట్లాడుకోండి" అన్నాడు, ట్రాక్టరాయనేమో తీసుకెళ్లి చెరువు గట్టున పడేస్తానంటాడు. పక్కింటాయన "ఎండాక అగ్గి పెట్టేయండి" అన్నారు. గన్నేరు పొగ విషం అండీ, గోడ అవతల పసిపిల్లలున్న ఇల్లు, పైగా చెత్త తగలబెట్టకూడదని చెత్త నిర్వహణ రూల్స్‌లోనే ఉంది.

సరేనని ష్రెడ్డర్, అంటే కొమ్మల్ని పొట్టు చేసే మిషన్, అద్దెకి తెచ్చా. ఎండు పుల్లలైతే టకటకా నలిగిపోతున్నాయి కానీ పచ్చి మునగ పెడితే బెరడు నార నారగా ఊడి బ్లేడుకి చుట్టుకుంటుంది, పది నిమిషాలకోసారి ప్లగ్ పీకి, మూత విప్పి, స్క్రూడ్రైవర్‌తో ఆ జిగట నారంతా లాగాలి, ఈలోపు కాగితంపూల ముళ్లు గ్లోవ్స్‌లోంచి దిగిపోతాయి, మీటర్ మాత్రం అద్దెకి తిరుగుతూనే ఉంటుంది. గన్నేరు అసలు వెయ్యలేదు, ఆ పొట్టు ఏ ఆవో మేకో తింటే ప్రాణం పోతుంది.

రోజంతా కష్టపడితే ఆరు బస్తాల పొట్టు వచ్చింది, మామిడి మొదట్లో పరిచా. గుట్ట సగం అలాగే ఉంది. మున్సిపాలిటీ వాళ్లు వార్డుకో పెద్ద ష్రెడ్డర్ పెట్టి గంటకింత అని తీసుకుంటే కట్టం అంటామా? ఇంటి పన్ను కడుతున్నాం కదండీ!