సవరణ: మొదటి ఆర్పింగ్టన్ నల్లది

ఆర్పింగ్టన్ కోళ్ల గురించిన ఇంతకుముందు టపాలో అది మొదటి నుంచీ బంగారు రంగు జాతి అని ఉంది. అది సరికాదు. 1886లో ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో, ఆర్పింగ్టన్ ఊళ్లో విలియం కుక్ రూపొందించింది నల్ల కోడిని. మినోర్కా, లాంగ్‌షాన్, ప్లిమత్ రాక్ జాతులను కలిపి, గుడ్లకూ మాంసానికీ పనికొచ్చేలా దాన్ని సాధించారు. బంగారు రంగుది 1894లో వచ్చింది. దాని పూర్వీకులే వేరు: హాంబర్గ్, కొచ్చిన్, డార్కింగ్.

ఈ తేడా చిన్నదేమీ కాదు. ఆస్ట్రేలియాలో గుడ్ల కోసం ఏరి పెంచిన ఆస్ట్రలార్ప్ ఈ నల్ల కోడి సంతతే. 1922–23లో ఆ జాతి పెట్టలు ఆరు కలిసి 365 రోజుల్లో 1857 గుడ్లు పెట్టాయి! ఇంగ్లండ్‌లో మాత్రం ప్రదర్శనల మోజులో ఈకల సోయగానికే పెద్దపీట వేశారు, గుడ్లు తగ్గాయి. ఇంత మంచి కోడికి అది అన్యాయమే.

బరువు విషయంలోనూ ఒక వివరణ. ఈకలు వదులుగా, దట్టంగా ఉండటంతో ఆర్పింగ్టన్ అసలు కంటే పెద్దదిగా కనిపిస్తుంది. ఈకలను వేళ్లతో విడదీసి రొమ్ము ఎముకను తడిమితేనే ఒంటి కండ ఎంతో తెలుస్తుంది. తెల్లని చర్మం, లేత గోధుమ రంగు గుడ్లు, పొదిగే గుణం, సాధు స్వభావం గురించి ఆ టపాలో ఉన్నవి సరైనవే.